ముక్కుపుడక లేని గౌరమ్మ

కళ్ళద్దాల షాపుకు జనం కళ్ళద్దాల కోసం రావాలి. కడపలో నా షాపుకు మాత్రం సగం మంది చిల్లర పట్టుకొని వస్తారు. దేవత బొమ్మ ఉన్న అయిదు రూపాయల బిళ్ళకు లక్షలొస్తాయని ఫోన్లో ఎవడో ఒకడు వీడియో పెడతాడు. మరునాడు నేను షట్టర్ ఎత్తేలోపే ఒకాయన గుప్పెడు బిళ్ళలతో మెట్ల మీద కూర్చొని ఉంటాడు. "ఇది నిన్న టీ కొట్లో ఇచ్చిన చిల్లర నాయనా, పోయి దీంతో టీ తాగు" అని నేను కసురుకుంటాను. ఆయన నేనేదో ఆయన ఆస్తి కాజేస్తున్నట్టు చూస్తాడు. పాత నాణేల పిచ్చి నాకున్న మాట నిజమే. అది ఊరందరికీ అంటుకుంటుందని మాత్రం అనుకోలేదు.

నా పేరు పుల్లయ్య, పుట్టింది నందికొట్కూరు. నాణేలు పోగు చేసేవాళ్ళు చాలామంది వాటి వయసు చూసి మురుస్తారు. నాకు తప్పులంటే ఇష్టం. టంకసాలలో అచ్చు పగిలి రాజు మెడ మీద గీత పడ్డ రూపాయి, అరిగిపోయిన అచ్చుతో కొడితే సింహాలు కాస్తా ముసలివైపోయిన పావలా, ఇవి నా ముద్దుబిడ్డలు. అలాంటి నాణేన్ని చింతపండుతో తళతళా తోమి తెచ్చేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తోమితే దాని చర్మం పోతుంది, చర్మంతోపాటు దాని కథా పోతుంది. అందుకే షాపులో బోర్డు రాయించి పెట్టాను: "కడిగిన నాణేలు చూడబడవు."

పోయిన మాఘమాసంలో ఒక పొద్దున ఒక పెద్దావిడ, ఆమె వెనకే ఒక అమ్మాయి షాపులోకి వచ్చారు. పెద్దావిడ బోర్డును గానీ నన్ను గానీ పట్టించుకోకుండా కుర్చీలో కూర్చొని, రొండిన దోపుకున్న గుడ్డ మూట తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏమప్పా, పోత పోసిన బిళ్ళకూ అచ్చు కొట్టిన బిళ్ళకూ తేడా చెప్పేది నువ్వేనా?"

ఎంతొస్తుంది అని అడగని మనిషి నా షాపులో అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో. నా కోపం సగం అక్కడే దిగిపోయింది.

"నేనే పెద్దమ్మా. చూపించండి."

"చూపిచ్చేకి ముందే చెప్తాండా. దీన్ని అమ్మేది ల్యా. చెప్పులిడిచి తాకు."

చెప్పులు విడిచాను. ఆమె మూట విప్పింది. పసుపూ కుంకుమా మెత్తిన ఒక రాగి బిళ్ళ. విక్టోరియా రాణి కాలపు కాణీ అని అంచు చూస్తేనే తెలిసింది. రాణి ముఖం వేళ్ళ రాపిడికి బాగా అరిగిపోయింది. ఇందులో ఏముంది అనుకుంటూ రెండో వైపు తిప్పాను. అక్కడ ఉండాల్సిన అంకె, సంవత్సరం లేవు. అక్కడా రాణే ఉంది. కానీ బయటికి ఉబ్బి కాదు, లోపలికి దిగి, ఎడమా కుడీ తారుమారై ఉంది.

నాణేల పిచ్చివాళ్ళు దీన్ని బ్రాకేజ్ అంటారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో రాగి బిళ్ళ. దెబ్బ పడగానే నాణెం కిందికి రాలిపోవాలి. ఎప్పుడో ఒకసారి అది రాలకుండా ఒక అచ్చుకు అతుక్కుపోతుంది. పనివాడు చూసుకోడు. తర్వాతి బిళ్ళ మీద అచ్చుకు బదులు ఆ అతుక్కున్న నాణెమే పడుతుంది. దాంతో దానికి ఒకవైపు ఉబ్బెత్తు బొమ్మ, రెండోవైపు అదే బొమ్మ గుంటగా పడుతుంది. ఫోటోల్లో చూసి చొంగ కార్చుకోవడమే గానీ చేత్తో పట్టుకోవడం నాకు అదే మొదలు.

"ఇది మీకు ఎక్కడిది పెద్దమ్మా?"

"మా గౌరమ్మ అచ్చు ఇది" అంది ఆమె, ఇంకేం కావాలన్నట్టు.

మిగతా సంగతి మనవరాలు చెప్పింది. ఆమె పేరు సాహితి, మైదుకూరులో ఒక బడిలో లెక్కలు చెబుతుంది. పెద్దావిడ ఆమె జేజి గురమ్మ. వాళ్ళింట్లో పెళ్ళి రోజు పొద్దున ఇంటి పెద్దకోడలు పసుపు ముద్ద చేసి, ఈ బిళ్ళ గుంట వైపు దానికి అదుముతుంది. కిరీటం, జడ, చుట్టూ అక్షరాలతో ముఖం పైకి తేలుతుంది. అదే గౌరమ్మ. పెళ్ళికూతురు ఆ గౌరమ్మకు మొక్కి పీటల మీదికి పోతుంది. ఎన్ని తరాలుగానో ఇదే ఆచారం. విక్టోరియా రాణికి రాయలసీమలో ఇన్ని పెళ్ళిళ్ళు చేయించిన పుణ్యం దక్కిందని ఆమెకు ఎవరు చెప్పాలి!

"ఏబీసీడీలు వచ్చినాక గౌరమ్మ చుట్టూ ఉండేది చదివినా సార్, ఇది ఇంగ్లీషు రాణి అని చెప్పినా. జేజి నెత్తిన ఒక్కటిచ్చింది" అంది సాహితి.

"కిరీటం ఉండాది, జడ ఉండాది, ముక్కుపుడక ఉండాది. ఇంగ్లీషు రాణులు ముక్కుపుడక పెడతారా? చెప్పప్పా నువ్వు" అని గురమ్మ నన్ను నిలదీసింది. అంతలోనే ముఖం చిన్నబోయింది. "ఉండె అనల్ల. ఇప్పుడు ల్యా. దానికే వచ్చినాం."

ఆ ముక్కుపుడక దగ్గరే కథంతా ఉంది. గురమ్మ తోటికోడలు భీమమ్మ ఒంటిమిట్టలో ఉంటుంది. ఆమె కొడుకు పెళ్ళికని ఈ బిళ్ళను పట్టుకుపోయి, పెళ్ళి కాగానే తెచ్చి ఇచ్చింది. అప్పటి గౌరమ్మకు ముక్కుపుడక ఉంది, అందరూ చూశారు. కొన్నేళ్ళకు గురమ్మ చిన్న కూతురి పెళ్ళిలో బిళ్ళ అదిమితే ముఖం మసకమసకగా వచ్చింది, ముక్కుపుడక లేదు. పెళ్ళి పందిట్లో, అందరి ముందూ, గురమ్మ నోరు జారింది. అసలుదాన్ని ఉంచుకొని, కంసాలితో నకలు పోయించి తెచ్చిచ్చిందని తోటికోడల్ని దొంగను చేసింది. భీమమ్మ విస్తరి ముందు నుంచి లేచిపోయింది. ఆ రోజు నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు, రాకపోకల్లేవు.

"నా పెండ్లికి చిన్నజేజి రాకుంటే నేను పీటల మీద కూచునేదే ల్యా అన్నా సార్" అంది సాహితి. "పోత పోసిందని తేలితే ఇంక ఆ పేరెత్తను. ల్యాకుంటే జేజే పోయి పిల్చుకొని రావల్ల. అట్ల మాట అనుకున్నాం."

"తేలేది నాకు తెల్సులే" అంది గురమ్మ.

షాపులో కూర్చొని ఇది అసలు, ఇది నకిలీ అని రోజూ తీర్పులు చెబుతుంటాను. పోయేది మహా అయితే ఎవడిదో ఆశ. ఇక్కడ నేను పోత అన్నానంటే ఒంటిమిట్టలో ఒక మనిషి బతికినన్నాళ్ళూ దొంగే.

భూతద్దం కంటికి పెట్టుకొని దీపం కిందికి వంగాను. ముందు చూసిందేదీ నాకు నచ్చలేదు. గుంటలోని ముఖం మైనం పూసినట్టు మెత్తగా ఉంది. కంటిరెప్ప లేదు, జడపాయలు కలిసిపోయాయి. పోత పోసిన నకలు సరిగ్గా ఇట్లాగే ఉంటుంది. సన్నని గీతలు మొదట పోతాయి. ముక్కు దగ్గర గుంట ఉండాలి, లేదు. అచ్చులో రాణి ముక్కు మీద చిన్న పెచ్చు ఊడి ఉంటుంది. ఆ ఊడిన చోటికి రాగి పొంగి నాణెం మీద చుక్క లేస్తుంది. చుక్క ఉన్న నాణెం తర్వాతి బిళ్ళను కొడితే అక్కడ గుంట పడుతుంది. ఆ గుంటే పసుపులో ముక్కుపుడకయింది. ఆ గుంట ఇప్పుడు ఎంత వెతికినా కనబడలేదు. ఉబ్బెత్తు వైపు ముక్కు చూద్దామంటే, అదిమేవాళ్ళ బొటనవేళ్ళ కింద అదెప్పుడో చదునైపోయింది.

"ఏమప్పా, నోరు మెదపవేమి?" అంది గురమ్మ. గొంతులో గెలుపు వినిపించింది.

"కొంచెం ఆగు పెద్దమ్మా" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నట్టున్నాను, సాహితి ఉలిక్కిపడింది.

బిళ్ళను నిలువుగా పట్టుకొని అంచు చుట్టూ చూశాను. పోతకు అంచున అతుకు గీత ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, ఎంత రుద్దినా. ఇక్కడ లేదు. అప్పుడు చుట్టూ ఉన్న అక్షరాల మీదికి వచ్చాను. గుంటగా, ఎడమా కుడీ తారుమారుగా ఉన్న ఆ అక్షరాల అంచులు కత్తితో కోసినట్టున్నాయి. వాటి పక్కనే రాగి లోపలి నుంచి బయటికి పారిన సన్నని చారలు. దెబ్బ బలానికి లోహం కదిలితేనే ఆ చారలు పడతాయి. ఏ కంసాలీ పోతలో వాటిని తేలేడు.

మరి ముఖం ఎందుకు మెత్తగా ఉంది? అచ్చు అరిగితే ముందు అంచున ఉన్న అక్షరాలే సాగిపోయి అలుక్కుపోతాయి. అవి శుభ్రంగా ఉన్నాయి. పోతయితే అంతా ఒకేలా మెత్తబడుతుంది. ఇక్కడ లోతుగా ఉన్న చోట మాత్రమే మసక. ఇలాంటి తప్పు టంకసాలలో మామూలే. అచ్చు గుంటల్లో జిడ్డూ దుమ్మూ గట్టిపడితే, ఆ అచ్చుతో కొట్టిన నాణేల మీద ఒక అక్షరమో అంకెలో సగమో మాయమవుతుంది. అచ్చుకేమీ కాలేదు, అది నిండిపోయింది, అంతే. మరి ఈ బిళ్ళ కూడా పసుపు ముద్దకు అచ్చే కదా.

"పెద్దమ్మా, దీన్ని మీరు ఎక్కడ పెడతారు?"

"యాడ పెడతాను, దేవునింట్లో. మా అత్తకు భక్తి తక్కువప్పా. పెండ్లి కాంగానే వేన్నీళ్లలో కడిగి వడ్ల గంపలో పారేస్తాండె. బిళ్ళ ఒంటిమిట్ట నుంచి వచ్చినాక నేనే పీట మీద పెట్టినా. వారం వారం శుక్రవారం నెయ్యి పూసి, పసుపూ కుంకం మెత్తుతా. ఒక్క వారం తప్పల్యా."

"కడుగుతారా?"

"గౌరమ్మను కడిగేదేందప్పా?"

నేను సాహితి వైపు చూశాను. లెక్కల టీచరు కదా, ఆమెకు నాకంటే ముందే అర్థమైపోయింది. చేత్తో నోరు మూసుకుంది.

నా బోర్డు నా నెత్తి మీదే వేలాడుతోంది. అయినా నాణేన్ని శుభ్రం చేయాల్సిందే. గిన్నెలో కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి బిళ్ళను అందులో వేశాను. నూనెతో రాగి చర్మం చెదరదు. నానేదాకా వాళ్ళిద్దరికీ ఉగ్గాని తెప్పించాను. గురమ్మ తినకుండా గిన్నెకేసి చూస్తూ కూర్చుంది. తర్వాత తుమ్మముల్లు ఒకటి తీసుకొని పనిలోకి దిగాను. సూదైతే గీసుకుపోతుంది, ముల్లు రాగి కంటే మెత్తన. ముల్లు మొనకు పసుపు పెళ్ళలు రేకులు రేకులుగా లేచాయి. ముందు కంటిరెప్ప వచ్చింది. జడపాయలు విడివడ్డాయి. ముక్కు దగ్గర ముల్లు ఉన్నట్టుండి లోపలికి దిగింది. అక్కడి నుంచి ఆవగింజంత పసుపు ఉండ ఊడి వచ్చింది.

పరీక్షకు ముద్ద కావాలి. షాపులో పసుపు ముద్ద చేయడానికి గురమ్మ ఒప్పుకోలేదు. పక్కనే మస్తాన్ హోటల్లో పరోటాకు మైదా పిసుకుతున్నారు, ఒక ఉండ అడిగి తెచ్చాను.

"గౌరమ్మను పరోటా పిండిలోనా!" అని గురమ్మ ముక్కున వేలేసుకుంది. "పరీక్షకే గదా, కానీ" అని తనే మళ్ళీ సర్దుకుంది.

బిళ్ళను ఆమె చేతికే ఇచ్చాను. ఆమె మైదా మీద పెట్టి బొటనవేలితో అదిమి, మెల్లగా ఎత్తింది. కిరీటం, కన్ను, జడ, ముక్కు మీద నిక్కచ్చిగా ఒక చుక్క. ముఖం మాట్లాడబోతున్నట్టుంది.

గురమ్మ ఆ చుక్క మీద వేలు ఆనించి చూసింది. ఆమె కళ్ళలోకి చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. భీమమ్మను గెలిపించినందుకు సంతోషపడాలో, ఇంత పెద్దమనిషిని ఓడించినందుకు బాధపడాలో తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే ఎక్కువగా ఉంది.

"దానికి ఏమీ తెలీదు గదప్పా" అంది. "దాని పాపాన అది కొడుకు పెండ్లి చేసుకొని, తెచ్చిచ్చి పోయింది. నేనే నెయ్యి పూసి పూసి పూడ్చినా. నేను పూడ్చి, దాన్ని దొంగ అన్నా."

సాహితి జేజి భుజం మీద చెయ్యి వేసింది. గురమ్మ ఆ చెయ్యి తీసేసి లేచి నిలబడింది.

"పద. ఇప్పుడే పోదాం. ఇంటికి పోయినానంటే నాకు మల్లా మనసొచ్చేది ల్యా. నువ్వూ రాప్పా, నేను చెప్తే అది నమ్మదు."

షట్టర్ దించేశాను. సాక్ష్యం కోసమే వెళ్ళానని అందరికీ చెప్పుకుంటాను గానీ, ఆ బిళ్ళ పక్కన ఇంకో గంట కూర్చోవచ్చన్న ఆశ కూడా ఉంది. బస్సులో గురమ్మ మూటను గుండెకు ఆనించుకొని కూర్చుంది. చూపించమని అడగడానికి నాకు నోరు రాలేదు.

భీమమ్మ ఇల్లు గుడి వెనక వీధిలో ఉంది. ఆమె వసారాలో చాప మీద కూర్చొని చింతపండులో గింజలు తీస్తోంది. గడపలో తోటికోడల్ని చూసి చేతిలోది చేతిలోనే ఆగిపోయింది.

"ఎవరన్నా పోయినారా అక్కా?"

మాటల్లేని ఇళ్ళ మధ్య మనుషులు చావుకు తప్ప రారు. ఆమె ఆదోని వైపు మనిషి, ఉన్నది ఉన్నట్టు అడిగేసింది.

"ఎవరూ పోల్యా. పెండ్లి. సాహితిది" అంది గురమ్మ. చెప్పాల్సింది దారిపొడవునా కూడబెట్టుకుంది కాబోలు, నిలబడే గబగబా చెప్పేసింది. "నువ్వు బిళ్ళ మార్చల్యా భీమమ్మా. ముక్కుపుడక యాడికీ పోల్యా, నా పూజలకింద పూడిపోయి ఉండాది. ఈయప్ప తీసి చూపిచ్చినాడు. అందరి ముందర నిన్ను దొంగ అన్నా. తప్పు నాది. పెండ్లికి నువ్వు రావల్ల, గౌరమ్మను నువ్వే అదమల్ల."

మూట ముందుకు చాపింది. భీమమ్మ అందుకోలేదు. కోపంతో కాదు. ఆమె చేతులు చింతపండులోనే ఉండిపోయాయి.

నాకు చెప్పాల్సిన వాటా ఉంది కదా అని, "అచ్చు నిండిపోతే ఏమవుతుందంటే అమ్మా..." అని మొదలుపెట్టాను. ఇద్దరూ ఒకేసారి నా వైపు చూశారు. నోరు మూసుకున్నాను.

"నా శివలీల పెండ్లికి ఏం చేసినానో తెల్సునా అక్కా?" అంది భీమమ్మ. "పసుపు ముద్ద చేసి, కండ్లూ ముక్కూ ల్యాకుండా అట్లే పెట్టినా. దుడ్లిస్తే ఎండితో అచ్చు చేసిస్తామన్నారు కంసలోళ్లు. నేనే వద్దంటి. చూస్తిరా, నా బిళ్ళకు నకలు చేపిచ్చుకుంది అంటావని. నా బిడ్డ మొగం ల్యాని గౌరమ్మకు మొక్కి పోయిందక్కా. ఎందుకమ్మా ఇట్లుండాది అని అడిగితే, ఏం చెప్పల్లో తెలీక ఊరకుండినా."

గురమ్మ గోడ పట్టుకొని చాప మీద కూలబడింది. తప్పయిందని చెప్పేటప్పుడు తడవని కళ్ళు అప్పుడు తడిశాయి. కాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకొని, తన ఇంట్లో ఉన్నట్టే సాహితికి పని చెప్పింది.

"లోపలికి పోయి పసుపు తేమ్మే. చెంబుతో నీళ్లు తే."

"పెండ్లి ఇంకా ఉండాది గదా జేజీ."

"నీది కాదు. తేమ్మంటే తే."

పసుపు వచ్చింది. గురమ్మ తడిపి ముద్ద చేసి తమలపాకు మీద పెట్టింది. భీమమ్మ చేతులు కడిగించి, బిళ్ళను ఆమె వేళ్ళ మధ్య పెట్టి, ఆ చేతి మీద తన చెయ్యి వేసి అదిమింది. ఇద్దరి బొటనవేళ్ళూ ఒకదాని మీద ఒకటి. ఎత్తేసరికి గౌరమ్మ తమలపాకు మీద కూర్చొని ఉంది. ఫోన్ జేబులోనే ఉన్నా ఫోటో తీయాలన్న ఆలోచనే నాకు రాలేదు.

"శివలీలకు ఫోన్ చెయ్యి" అంది గురమ్మ.

సాహితి వీడియో కాల్ కలిపింది. అనంతపురంలో శివలీల వంటింట్లో ఉంది, పక్కన ఎవరో పిల్లలు కొట్టుకుంటున్నారు. తెర మీద గురమ్మ ముఖం కనబడగానే ఆమె చేతిలోని గరిటె ఆగిపోయింది.

"పెద్దమ్మా?"

"పెద్దమ్మనే. పొయ్యి ఆపు. పిల్లోళ్లను రవంత సేపు ఊరకుండమను" అంది గురమ్మ. ఆ మాట పెద్దకోడలి మాటే. ఫోన్ లాక్కొని తమలపాకు మీదికి తిప్పింది. "నీ పెండ్లి గౌరమ్మ ఇది. నా వల్ల ఇప్పుటికి వచ్చింది. మొక్కు తల్లీ."

అటువైపు శివలీల గరిటె పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకొని, అదే కొంగు నెత్తిన కప్పుకొని, వంటింట్లోనే కళ్ళు మూసుకొని చేతులు జోడించింది.